సైనికుని సెలవు, ఇల్లాలి వ్యాధి

సైన్యమున చేరినవాడు తన దేహమునే గాక తన కాలమును గూడ ప్రభుత్వమున కప్పగించును. రైతు ఒక పూట నాగలి దించవచ్చును. వర్తకుడు అంగడి మూసికొనవచ్చును. గుమాస్తా పై అధికారికి చీటి వ్రాసి ఇంటికి పోవచ్చును. సైనికున కట్టి వీలు లేదు. 1950వ సంవత్సరపు సైన్యశాసనము 38వ విభాగమున పలాయనమునకును, 39వ విభాగమున సెలవు లేని గైరుహాజరునకును శిక్షలు విధించుచున్నది. ఇంట భార్య ప్రాణాపాయస్థితిలో నున్నను ఆ విధి దానంతట అది సడలదు.

వ్యాధికిని తన కాలము తనకున్నది. సైనికుని సెలవు దినములతో లెక్కింపబడును. వ్యాధి తన గడువును తానే నిర్ణయించుకొనును. ఈ రెండు కాలములకు పొత్తు కుదరనిచోట మిగిలిన భారము ఇంటివారిపై పడును. సైనిక కుటుంబపు త్యాగమని లోకము చెప్పుకొనునది చాలవరకు ఈ మిగిలిన భారమే. అందు కొంత తప్పనిసరియైనది. దేశరక్షణ యున్నంతకాలము అది యుండక తప్పదు. కొంత మాత్రము తెలియమివలనను, మొగమాటమువలనను కలుగుచున్నది. మొదటిదానిని గౌరవింపవలెను, రెండవదానిని తొలగింపవలెను. ఈ రెండింటిని వేరుపరచి చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

దండు వెంట వచ్చిన సంసారములు

ఈ విషయము వెలుపలి రాష్ట్రములలోని తెలుగువారికి పరాయిది కాదు. పదునెనిమిదవ శతాబ్దినుండి చెన్నపట్టణపు సైన్యమున తెలుగువారు చేరుచుండిరి. ఉత్తర సర్కారులు ఆ సైన్యమునకు సిపాయిలను సమకూర్చిన సీమలలో నొకటి. క్లైవు వంగదేశమునకు కొనిపోయిన సిపాయిలు దక్షిణాదివారగుటచేత ఉత్తర హిందూస్థానమున సిపాయికి ‘తిలంగా’ యను పేరు వాడుకయయ్యెను. 1857 నాటి ఢిల్లీ కాగితములలో గూడ ఆ మాట కానవచ్చును.

శ్రీరంగపట్టణపు నీరు గాలి ఆరోగ్యమునకు సరిపడనందున 1809లో ఆంగ్లేయులు అచ్చటి దండును బెంగళూరునకు మార్చిరి. 1821లో నాగపురమునకు సమీపమున, కన్హాన్ నదియొడ్డున, కాంప్టీ దండు వెలసెను. అందు నిలిచినవి చెన్నపట్టణపు పటాలములే. బళ్లారి, జాల్నా, బరంపురములందును ఆ సైన్యపు మజిలీలుండెను. పటాలముల వెంట సంసారములు, సంసారముల వెంట అంగళ్లవారు, చాకళ్లు, దర్జీలు తరలివచ్చిరి. ఈ ఊళ్లలోని తెలుగు వాడలలో కొన్నింటికి మొదలు అక్కడనే యున్నది.

చెన్నపట్టణపు సిపాయికి ఒక ప్రత్యేకత యుండెను. బంగాళా సైన్యములోని సిపాయి సాధారణముగ ఆలుబిడ్డలను స్వగ్రామమున విడిచి కొలువునకు పోవువాడు. చెన్నపట్టణపు సిపాయి వారిని వెంటబెట్టుకొని లైనులలో కాపురముండువాడు. పటాలము కదలినపుడెల్ల బండి బాడుగలకు, దారి బత్తెములకు అతని జీతము చాలక అప్పుల పాలగుచుండెను. అయినను ఇల్లాలికి జబ్బు చేసినపుడు అతడు కూతవేటు దూరముననే యుండెను. కవాతు ముగిసినపిదప ఇంటికి వచ్చి కషాయము కాచి యిచ్చుటకు వీలుండెను. పొరుగు గుడిసెలవారందరు ఒకే పటాలపు వారగుటచేత ఒకరి కష్టము మరియొకరికి తెలియకపోదు. సిపాయిల కుమారులను ‘రిక్రూటు బాయి’లుగ చేర్చుకొని కొంత జీతమిచ్చు పద్ధతియు ఆ సైన్యమున నుండెను. కుటుంబము పటాలపు లెక్కలో ఒక భాగముగనే యుండెనన్నమాట.

సముద్రము దాటిన యుద్ధము

ఈ ఏర్పాటు భూమార్గమున నడచినంతవరకే చెల్లెను. ఓడ యెక్కవలసి వచ్చినపుడు సంసారము ఒడ్డున నిలిచిపోయెను. 1762లో మనీలా దండయాత్రకును, 1824లో మొదటి బర్మా యుద్ధమునకును చెన్నపట్టణపు సిపాయిలు సముద్రము దాటిరి. అట్టి సమయములందు జీతములో కొంత భాగము ఇంటివారికి ముట్టునట్లు ఏర్పాటులు జరిగెను. కాని డబ్బు ముట్టుట వేరు, మనిషి దగ్గర నుండుట వేరు. రంగూనులో నున్న సిపాయికి ఇంట వచ్చిన విషూచి వార్త చేరునప్పటికి ఆ వ్యాధి తన పని ముగించుకొని పోయియుండెడిది.

ఆ యుద్ధమే గవర్నరు నింటను వియోగము కల్పించెను. సర్ తామస్ మన్రో 1780లో సామాన్యమైన కేడెట్టుగ చెన్నపట్టణపు పదాతిదళమున చేరి, 1820లో గవర్నరయ్యెను. పదవి విడిచి స్వదేశము పోవలెనని తలచుచున్న తరుణమున బర్మా యుద్ధము ముంచుకొనివచ్చినందున ఆయన నిలిచిపోయెను. 1826లో వారి చిన్న కుమారునికి జబ్బు చేయగా, భార్య ఆ బిడ్డనెత్తుకొని ఇంగ్లండునకు ఓడ యెక్కెను. ఆమె లేని గిండీ తోటయెంత శూన్యముగ నున్నదో వర్ణించుచు ఆయన ఆమెకు వ్రాసిన లేఖ అచ్చుపడి నేటికిని నిలిచియున్నది. దంపతులు మరల కలిసికొనలేదు. 1827 జూలై 6వ తేదీన, నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండ మజిలీలో, ఉదయమున విషూచి సోకి, ఆ రాత్రికే మన్రో మరణించెను. సముద్రము కవతల నున్న భార్యకు ఆ వార్త చేరుటకు నెలలు పట్టెను.

ఇచట రోగి భార్య కాదు, బిడ్డ. అయినను కొలువు ఒక దిక్కునకు, ఇంటి వ్యాధి మరియొక దిక్కునకు లాగినపుడు కలుగు బాధ ఇదియే. గవర్నరు లేఖ నిలిచినది. అదే యుద్ధమునకు పోయిన తెలుగు సిపాయిల భార్యలు చదువు లేనివారు. వారి మాట ఏ గ్రంథమునకును ఎక్కలేదు. వారి కష్టము తక్కువది గాదు, వ్రాయబడనిది మాత్రమే.

వ్యాధుల స్వరూపము మారినది

నాటి విషూచి దినములలో తేలిపోవు వ్యాధి. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున సంసారములను ఎక్కువగ పీడించినది క్షయ. అది నెలలు, సంవత్సరములు పట్టునది. మదనపల్లె సమీపమునందలి ఆరోగ్యవరమువంటి శానిటోరియములలో రోగిని ఇంటికి దూరముగ ఉంచుటయే నాడు మేలైన చికిత్సగ నెంచబడెను. భర్త పటాలమున, భార్య శానిటోరియమున, పిల్లలు అమ్మమ్మగారింట, ఇట్లు ఒక కాపురము మూడు చోట్ల చెదరిపోవుట జరిగెడిది.

ఈ స్థితిని మార్చినది చెన్నపట్టణమున 1956లో నెలకొల్పబడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము. సరియైన మందులు ఏడాదిపాటు తప్పక వాడినచో, పేదయింట నుండి చికిత్స పొందినవారికిని శానిటోరియమున నున్నవారికిని గుణము ఇంచుమించు సమానముగ కనబడుననియు, ఇంటివారికి అంటు అందువలన అధికము కాదనియు ఆ కేంద్రము ప్రకటించెను. ఈ ఫలితము లోకమంతట క్షయ చికిత్సా పద్ధతినే మార్చినది. రోగి ఇంటనే యుండవచ్చునను మాట సైనిక కుటుంబములకు గొప్ప ఊరట. అయితే మందు దినదినము మ్రింగించుచు, కనిపెట్టియుండు మనిషి కూడ ఇంటనే యుండవలసి వచ్చెను. భర్త సరిహద్దున నున్నపుడు ఆ మనిషి ఎవరు? తరచుగ అత్తగారు, లేదా బడి మానిన పెద్దకూతురు.

నేడు క్యాన్సరు, మూత్రపిండముల వ్యాధి, గుండెజబ్బు ప్రధానముగ నున్నవి. వీని లెక్క వేరు. క్యాన్సరునకు మందు ఎక్కించుట పెక్కు సందర్భములలో మూడు వారముల కొకమారు జరుగును. మూత్రపిండములు పూర్తిగ చెడినవారికి డయాలిసిస్ సాధారణముగ వారమునకు రెండు మూడు మారులు, ఒక్కొక్కమారు నాలుగు గంటలసేపు చేయవలసియుండును. మూడు మారుల లెక్కన ఏడాదికి 156 మారులు. రోగి వెంట ప్రతిమారు ఒకరు ఆసుపత్రికి పోవలెను.

సెలవు ఎంతవరకు చాలును?

భారతసైన్యమున సామాన్య సైనికునకు ఏడాదికి 60 దినముల వార్షికసెలవు, 30 దినముల ఆకస్మికసెలవు కలవు. అవి ఏకమొత్తముగ హక్కుగ లభించునవి కావు. కొలువు అక్కరను బట్టి అధికారి మంజూరు చేయును, అవసరమైనచో మధ్యలో వెనుకకు పిలువవచ్చును. ఈ 90 దినములను సంపూర్ణముగ భార్యచెంత గడిపినను, పై లెక్కలోని 156 డయాలిసిస్ మారులలో సుమారు 38కి మాత్రమే అతడు తోడుండగలడు. రైలు ప్రయాణమునకు పట్టు దినములు ఇందు చేరలేదు. 2022 జూన్ నెలలో ప్రకటింపబడిన అగ్నిపథ్ పద్ధతిన చేరిన అగ్నివీరులకు నాలుగేండ్ల కొలువు కాలమున ఏడాదికి 30 దినముల సెలవే యున్నది. వారి లెక్క మరింత బిగువైనది.

దీనినిబట్టి తేలునది యేమనగా, దీర్ఘవ్యాధికి సెలవు మందు కాదు. సెలవు ఆకస్మికావసరమునకు తగినది. శస్త్రచికిత్స దినమున దగ్గర నుండుటకు, రోగనిర్ణయము నాడు వైద్యుని మాట వినుటకు, అంత్యఘడియలకు సెలవు అడుగవలెను. వ్యాధి నెలలు, ఏండ్లు పట్టునదియైనచో అడుగవలసినది సెలవు కాదు, స్థానము మార్పు. దీనినే సైన్యమున ‘కంపాషనేట్ పోస్టింగు’ అందురు. రోగి యున్న ఊరికి దగ్గరలో గాని, ఆమెను తెచ్చి ఉంచుకొనుటకు వీలైన, సైనిక ఆసుపత్రి గల శాంతిప్రాంతపు దండులో గాని నియమింపుమని సైనికుడు తన కమాండింగు ఆఫీసరు ద్వారా దరఖాస్తు పెట్టుకొనవచ్చును. జవానుల బదిలీలు ఆయా దళముల రికార్డు ఆఫీసులు చూచును. మద్రాసు రెజిమెంటు రికార్డులు నీలగిరులలోని వెల్లింగ్టనునందును, మద్రాసు శాపర్ల రికార్డులు బెంగళూరునందును కలవు.

సైనికుని భార్యకు సైనిక ఆసుపత్రులలో ఉచిత చికిత్స లభించును. పెద్ద వ్యాధులకు పూణేలోని సదరన్ కమాండ్ ఆసుపత్రి, బెంగళూరులోని వాయుసేనా కమాండ్ ఆసుపత్రి, విశాఖపట్నములోని నౌకాదళపు ‘కల్యాణి’ ఆసుపత్రి మహారాష్ట్ర, కర్ణాటక, ఒడిశా, యానాము ప్రాంతములవారికి సమీపముననున్నవి. అయితే వివాహము జరిగిన సంగతి పటాలపు ‘పార్ట్ టూ ఆర్డరు’లో ప్రకటింపబడి, భార్యపేర ఆశ్రితుల కార్డు పుట్టియుండవలెను. పెండ్లియైన తోడనే ఈ పని చేయించుకొనక అలక్ష్యము చేసినవారు జబ్బు వచ్చిననాడు ఆసుపత్రి వాకిట నిలిచి చింతింపవలసివచ్చును.

మూడవ మార్గము కొలువు విడుచుట. స్వయముగ కోరి, నియమితకాలమునకు ముందే విడుదల పొందుటకు 1954వ సంవత్సరపు సైన్యనియమములలో 13వ నియమము వీలు కల్పించుచున్నది. ప్రేమగల భర్తకు మొదట తోచునది ఇదియే. కాని అన్నింటికంటె చివర చేయవలసినదియు ఇదియే. సామాన్య సైనికునకు సేవాపింఛను రావలెనన్న 15 ఏండ్ల కొలువు కావలెను. పింఛను లేనివానికి 2003 ఏప్రిల్ 1న ప్రారంభమైన మాజీ సైనికుల వైద్యపథకము, అనగా ఇ.సి.హెచ్.ఎస్., సాధారణముగ వర్తింపదు. పదునాలుగవ ఏట భార్యకొరకు కొలువు విడిచినవాడు ఏ భార్యకొరకు విడిచెనో ఆమె చికిత్సనే పోగొట్టుకొనవచ్చునన్నమాట. పింఛను లేని మాజీ సైనికులకు తీవ్రవ్యాధులయందు రక్షణమంత్రి మాజీ సైనికుల సంక్షేమనిధినుండి సాయము కోరవచ్చును. అది ఊతయే గాని పింఛనుకు సాటి గాదు. కావున సెలవు, స్థానము మార్పు, విడుదల అను మూడును ఈ వరుసననే ఆలోచింపదగినవి.

ఇంత చెప్పుటలో భర్త సైనికుడనియు, భార్య రోగియనియు అనుకొనుట పూర్వపు అలవాటు. 1992నుండి స్త్రీలు వైద్యేతర శాఖలలోను అధికారులుగ చేరుచున్నారు. 2020 ఫిబ్రవరి 17న సర్వోన్నత న్యాయస్థానము వారికి శాశ్వత కమిషను హక్కును స్థిరపరచెను. వ్యాధిగ్రస్తుడైన భర్తను ఇంట విడిచి కొలువునకు పోవు ఇల్లాలును నేడు కలదు. ఆమె బరువు ఇంకొక పాలు ఎక్కువ. ఏలయన, భర్త కొలువునకు పోయినచో కర్తవ్యమని మెచ్చు బంధువులే భార్య పోయినచో కఠినురాలని అందురు.

దాపరికము

‘భార్యకు తీవ్రముగ జబ్బు, వెంటనే బయలుదేరుము’ అను తంతి ఒకనాడు ప్రతి పటాలమునకును పరిచితమైనది. సెలవు కోరుటకు ఆ కాగితమే ఆధారముగ నుండెను. సెలవుకొరకు లేని జబ్బును కల్పించి తంతి కొట్టించుటయు అక్కడక్కడ జరుగుటచేత, అధికారులు నిజము విచారింపవలసి వచ్చుచుండెను. 2013 జూలైలో తంతిసేవ ముగిసినది. నేడు ఫోనులో మాట క్షణములో చేరును. అయినను నమ్మదగిన కాగితము అవసరము పోలేదు. ప్రభుత్వ వైద్యుని రోగనిర్ణయపత్రము, స్థానికాధికారి లేదా జిల్లా సైనిక బోర్డు ధ్రువీకరణము జతపడిననే దరఖాస్తునకు బలము కలుగును.

కాని కాగితముకంటె ముందు అడ్డుపడునది దాపరికము. ‘దూరమున నున్నవాడు, కంగారుపడును, వచ్చునప్పుడు చెప్పుదము’ అని పెద్దలందురు. రోగియైన ఇల్లాలు గూడ ‘వారికి వ్రాయవద్దు’ అని ఒట్టు పెట్టించును. ఇది ప్రేమతో చేయు పనియే. దీనివలన కలుగు ఫలితము మాత్రము ప్రేమకు విరుద్ధమైనది. తొలిదశలో తెలిసినచో కుదురదగిన వ్యాధి ముదిరిన తరువాత బయటపడును. స్థానము మార్పునకు దరఖాస్తు పెట్టి, విచారణ జరిగి, ఆజ్ఞ వెలువడుటకు కాలము పట్టును. ఆ కాలమంతయు మౌనమున గడచిపోవును. తుదకు ఒక్కమారుగ వార్త తెలిసిన సైనికుడు మనసు చెదరి సెలవు లేకయే బయలుదేరినచో 39వ విభాగము అతనికై కాచుకొనియుండును. ఇల్లాలి మౌనము భర్తను కాపాడదు. అతని చేతినుండి కాలమును లాగికొనును.

యుద్ధరంగమున నున్నవానికి ఏ క్షణమున, ఏ విధముగ వార్త చెప్పవలెనను విచక్షణ వేరు. అట్టి సమయమున కుటుంబము నేరుగ అతనికి గాక, అతని కమాండింగు ఆఫీసరునకు తెలియజేయుట మేలు. పటాలమునకు తెలిసిన పిదప, అతనికి ఎప్పుడు చెప్పవలెనో, ఎట్లు పంపవలెనో ఆ అధికారి చూచుకొనును. 56 ఎ.పి.ఓ., 99 ఎ.పి.ఓ. చిరునామాలకు వ్రాసిన ఉత్తరములు సరిహద్దు దండులకు గూడ చేరును; పటాలపు పేరు, సైనికుని నంబరు తప్పులేక యుండవలెను. ఆ నంబరు ఇంటిలో అందరికి తెలిసిన చోట వ్రాసి పెట్టుట చిన్నపనియే. అది లేకపోవుటచేత గడచిపోవు దినములు చిన్నవి గావు.

వెలుపలి రాష్ట్రములలోని తెలుగువారికి మరి రెండు చిక్కులు కలవు. మొదటిది చిరునామా. కొలువున చేరినప్పుడు ఆంధ్రదేశములోని తాతల ఊరిని వ్రాయించి, కాపురము కాంప్టీలోనో బళ్లారిలోనో ఉన్నచో, విచారణ ఒక జిల్లాకు పోవును, రోగి మరియొక జిల్లాలో నుండును. నివాసము మారినపుడెల్ల పటాలమునకు తెలుపుటయే దీనికి మందు. రెండవది భాష. వైద్యుని కాగితములు ఇంగ్లీషున, తహసీల్దారు కాగితములు కన్నడమునో, ఒడియానో, మరాఠీనో, తమిళమునో ఉండును. ఇల్లాలికి వచ్చినది తెలుగు. తన కష్టమును తన భాషలో చెప్పుకొను హక్కు ఆమెకు లేకపోలేదు. రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము కేంద్రమునందు గాని రాష్ట్రమునందు గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను కష్టనివారణకై అర్జీ పెట్టుకొనవచ్చును. తెలుగున వ్రాసిన అర్జీతోపాటు స్థానికభాషలో ఒక నకలు జతచేసినచో పని త్వరగ సాగును.

తెలుగు సంఘములు చేయదగినది

ఇట్టి ఇండ్లలో కష్టము మొదట కనబడుచోటు ఆసుపత్రి కాదు, బడి. తల్లి మంచము పట్టిన వారమున పెద్దపిల్ల హాజరు తగ్గును. నెలకు పేరు పట్టికలో మిగులును గాని పిల్ల రాదు. తమ్ముని ముఖము కడిగి బడికి పంపుచున్నది ఆమెయే. తండ్రి సరిహద్దు కాచుచున్నందుకును, తల్లి జబ్బుపడినందుకును వెల చెల్లించుచున్నది ఈ పదమూడేండ్ల బాలిక. ఈ వెల తప్పనిసరి త్యాగము కాదు. పొరుగువారు వంతులు వేసికొని నెలకు నాలుగు దినములు ఆసుపత్రికి తోడుపోయినచో ఆమె చదువు నిలుచును.

కావున ప్రతి తెలుగు సంఘమును తన ఊరి సైనిక కుటుంబముల పట్టిక నొకదానిని ఉంచుకొనుట మంచిది. అందు సైనికుని నంబరు, పటాలము, రికార్డు ఆఫీసు, జిల్లా సైనిక బోర్డు చిరునామా ఉండవలెను. అర్జీలు వ్రాయుటకు రెండు భాషలు తెలిసినవా డొకడు, ఆసుపత్రికి తోడుపోవుటకు నలుగురు స్త్రీలు, పిల్లలకు పూట భోజనము పెట్టుటకు రెండు ఇండ్లు సిద్ధముగ నున్నచో చాలును. ఇందులకు పెద్ద నిధులు అక్కరలేదు. పూర్వము చెన్నపట్టణపు లైనులలో పొరుగు గుడిసెలవారు ఏ నియమావళియు లేకయే చేసినది ఇదియే. లైనులు పోయినను, ఆ లైనుల వెంట వచ్చి స్థిరపడిన వాడలు మిగిలియున్నవి.

సైనికుడు కొలువు విడిచి రాలేని దినములు కొన్ని యుండక తప్పదు. ఆ దినములలో అతని ఇంటి తలుపు తట్టి ‘అమ్మా, నేడు ఆసుపత్రికి ఎవరు వచ్చుచున్నారు?’ అని అడుగువారు వాడలో నొకరున్నచో, అతని కాలమునకు, ఆమె వ్యాధికి నడుమ మిగిలిన భారము ఆ ఇంటిపై మాత్రమే పడదు.